బీచ్ రోడ్డు ఎవరి వాకిలి?

విశాఖలో ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్న నా ఈడు వాళ్ల నోట ఈ మధ్య ఒక కొత్త మాట తరచూ వింటున్నాను: "వాకబుల్". వెనకటికి ఇల్లు కొనేవాళ్లు వాస్తు చూసేవారు, బోరులో నీళ్లున్నాయా అని అడిగేవారు, పిల్లల బడి ఎంత దూరమో కనుక్కునేవారు. ఇప్పుడు "నడిచి ఎక్కడెక్కడికి వెళ్లొచ్చు?" అని కూడా అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. దానికి జవాబుగా వాళ్లు వెతుక్కుంటున్న చోట్లూ మంచివే. పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, లాసన్స్ బే కాలనీ, పెద వాల్తేరు. గుమ్మం దిగితే కూరగాయలు, మందుల షాపు, టిఫిను. ఇంకాస్త కిందికి దిగితే సముద్రం.

వాళ్లు కొనడం మీద నాకు తగువు లేదు. కొన్నాక చెప్పే మాట మీదే నా తగువంతా. "కారు తీయక్కర్లేని చోట ఇల్లు కొన్నాం, పెట్రోలు తగ్గించాం, ఊరికి మా వంతు మేలు చేశాం" అంటారు. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఈ మాట కనీసం నాలుగు గొంతుల్లో విన్నాను. హోమ్ లోన్ తీసుకోవడం ఒక సామాజిక బాధ్యత అన్నంత ధీమాగా చెబుతారు. నాకిది ఒప్పుడు కాదు. బీచ్ పక్కన ఫ్లాట్ కొన్నవాడు కొత్తగా నడకని పుట్టించలేదు. అది అప్పటికే అక్కడుంది, వేరేవాళ్లు చేసిపెట్టారు. ఆయన కొన్నది దాని పక్కన ఉండే హక్కు. ఆ హక్కు ధర పెరిగేకొద్దీ, ఆ నడకని చేసిపెట్టినవాళ్లకే అక్కడ చోటు లేకుండా పోతోంది.

ముందు సముద్రం సంగతి చూద్దాం. "ఎప్పటికీ అడ్డురాని సీ వ్యూ" అని బ్రోషర్లో వేస్తారు. బిల్డరు ఇవ్వగలిగిన హామీ కాదది. అది చట్టం ఇచ్చిన హామీ. 1991లో కేంద్రం తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ తెచ్చింది. మనందరం సీఆర్‌జెడ్ అంటాం. పోటు గీత నుంచి నేలవైపు 500 మీటర్ల దాకా కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. అప్పటికే ఊరు కట్టేసిన తీరంలో, ఉన్న రోడ్డుకీ ఉన్న అధికారిక కట్టడాలకీ నేలవైపున మాత్రమే కొత్తవి కట్టుకోమంది. రోడ్డుకి అవతల మరో పది అంతస్తులు లేవకపోవడానికి కారణం ఇదే. అంటే కోటి పెట్టి కొన్న ఫ్లాట్లో బాల్కనీకి కట్టిన అదనపు ధర నిజానికి ఒక పర్యావరణ చట్టానికి వచ్చిన ధర. తమాషా ఏమిటంటే, ఆ బాల్కనీలోనే కూర్చుని "ఈ సీఆర్‌జెడ్ గోల వల్ల ఇంకో రెండు అంతస్తులు వేయనివ్వలేదు" అని తిట్టుకుంటారు. 2019 నోటిఫికేషన్ ఆ గోల కూడా కొంత తగ్గించింది. కట్టేసిన తీరపట్టణాల్లో ఎంత ఎత్తు, ఎంత విస్తీర్ణం అన్న లెక్కలు అంతవరకూ 1991 నాటి నియమాల దగ్గరే ఆగి ఉండేవి. ఆ తాళం తీశారు. పాత పెంకుటిళ్లు, మేడలు కొని కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపడానికి ఆశ పెరిగింది అందుకే.

తర్వాత ఇసక. ఆర్కే బీచ్‌లో మనం కాళ్లు పెట్టే ఇసక కూడా దానంతటదే అక్కడ ఉండిపోయేది కాదు. మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళతాయి. 1970లలో పోర్టుకి ఔటర్ హార్బర్ కట్టినప్పుడు వేసిన రాతిగోడలు ఆ దారికి అడ్డు నిలిచాయి. గోడలకి దక్షిణాన ఇసక చేరుతుంది, ఉత్తరాన ఉన్న మన బీచ్ కోసుకుపోతుంది. అందుకని అటు చేరిన ఇసకని డ్రెడ్జర్లతో తవ్వి తెచ్చి ఇటు పోస్తూ ఉంటారు. ప్రజల సొమ్ముతో నడిచే పని. "బీచ్ ఫేసింగ్" అని కట్టిన ప్రీమియంలో ఒక్క పైసా కూడా ఆ డ్రెడ్జర్ డీజిలుకి వెళ్లదు.

ఇక నడక. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద కొంతసేపు వాహనాలు ఆపేస్తారు. ఊళ్లో ఎవరినైనా అడగండి, విశాఖలో అన్నిటికన్నా ఇష్టమైన సమయం అదే అంటారు. రోడ్డు మధ్యలో పిల్లలు స్కేటింగ్ చేస్తారు, పెద్దవాళ్లు చేతులూపుకుంటూ నడుస్తారు. ఆ సుఖం ఇచ్చింది ఓ పోలీసు బారికేడ్. బారికేడ్ తీసిన పావుగంటకి అదే రోడ్డు దాటాలంటే భయమేస్తుంది. ఎవరి ఫ్లాట్ ఎంతకి అమ్ముడుపోయినా ఆ భయంలో మార్పు ఉండదు.

రోడ్డు వెనక సందుల్లో నడక మాత్రం బారికేడ్లతో వచ్చింది కాదు. అది మనుషుల వల్ల వచ్చింది. రాత్రి పదింటికి ఒంటరిగా నడిచే ఆడపిల్లకి ధైర్యం ఇచ్చేది సీసీ కెమెరా కన్నా ఇంకా మూయని పాన్ షాపు. ఇస్త్రీ బండి, టైలరు, చెప్పులు కుట్టే ఆయన, మురీ మిక్చర్ కలిపే కుర్రాడు, పెదజాలరిపేట నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగే అమ్మ. వీళ్లు లేకపోతే ఆ సందు నాలుగు గోడల మధ్య ఒక ఖాళీ. జేన్ జేకబ్స్ 1961లో న్యూయార్క్ గురించి రాసిన పుస్తకంలో చెప్పింది ఇంచుమించు ఇదే. వీధిని కాపాడేది ఆ వీధి మీద పనున్న మనుషుల చూపు అని. ఆమె ఉన్న గ్రీనిచ్ విలేజ్ ఇప్పుడు ఆ ఊళ్లో బాగా ఖరీదైన పేటల్లో ఒకటి. ఆమె వర్ణించిన చిన్న దుకాణదారులు ఈ రోజు అక్కడ అద్దె కట్టడం కష్టం. పుస్తకాన్ని ప్రేమించినవాళ్లు పేటని కొనేస్తే జరిగేది ఇదీ.

నేను పెద వాల్తేరులో అద్దెకుంటాను. మా వీధి మలుపులో ఒక ఇడ్లీ బండి ఉండేది. పక్కనే కొత్త అపార్ట్‌మెంట్ వచ్చింది, ఇంటికి రెండేసి కార్లు. లోపల చోటు చాలక మిగతావి వీధిలో పెట్టారు. ఓ ఆరు నెలలకి అసోసియేషన్ వాళ్లు బండి వల్ల "ట్రాఫిక్‌కి ఇబ్బంది" అని ఫిర్యాదు రాశారు. సంతకాలు పెట్టినవాళ్లలో పొద్దున్నే ఆ ఇడ్లీ పార్సిల్ కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. బండి లేచిపోయింది. దాని చోట్లో ఇప్పుడు ఒక తెల్ల ఎస్‌యూవీ ఉంటుంది. ఎటు వెళుతున్నావమ్మా అని అడిగితే ఆవిడ "ఎటెల్తాం బాబూ, ఈళ్లు ఒగ్గిన కాడికే ఎల్తాం" అంది. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్ వాళ్లకి టిఫిన్ యాప్‌లో వస్తుంది, బైకు మీద. నడవగలిగిన పేట అని కొన్నవాళ్లే దాన్ని నడవక్కర్లేని పేటగా చేసుకున్నారు.

వాళ్లు చెడ్డవాళ్లని నేననను. ఇందులో స్వభావం కన్నా లెక్క పెద్దది. కోటి రూపాయల ఫ్లాట్ అనుకుందాం. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే ఏడున్నర లక్షలు. 80 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకి దాదాపు 69 వేల 400 ఈఎంఐ. మొత్తం కట్టేది కోటీ 66 లక్షల పైమాట. ఇంత బరువు నెత్తినున్నవాడు తన పేటని పేటగా చూడలేడు, ధరగా చూస్తాడు. ఆ ధర పడిపోతుందేమోనన్న భయంతో రాత్రి నిద్రపోతాడు. అప్పుడు ఎండబెట్టిన చేపల వాసన ధర తగ్గించే వాసన అవుతుంది. వల బాగుచేసుకునే ముసలాయన "వ్యూ"కి అడ్డు అవుతాడు. గేటు, వాచ్‌మన్, "బయటివారికి ప్రవేశం లేదు" బోర్డు, ఇవన్నీ ఆస్తి కాపాడుకునే పనులైపోతాయి. పేటకి ప్రాణం పోసినవాటినే అప్పు శత్రువులుగా చూపిస్తుంది.

దీనికి ఇంకో వైపు ఉంది. ఇళ్ల ధర పెరిగితే అద్దెలూ పెరుగుతాయి. ఒకప్పుడు ఇవే సందుల్లో ఒక గది తీసుకుని ఉన్న పనమ్మాయి ఇప్పుడు ఆరిలోవ నుంచి ఆటోలు మారి వస్తుంది. యజమానురాలు కారు తీయడం మానేసింది, నిజమే. ఆ ప్రయాణం ఎక్కడికీ పోలేదు. పనమ్మాయి మీద పడింది.

"అయితే కొనొద్దంటావా? మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, గుడికీ మందులకీ నడిచి వెళ్లే చోటు కావాలి. ఓనరు ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలియని బతుకు ఎన్నాళ్లు?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన మాట. సొంతిల్లు కావాలనుకోవడంలో తప్పేముంది? కొనుక్కో. దానికి పుణ్యం రంగు పూయకు, అంతే. ఆ మోకాళ్ల నొప్పులు గాజువాకలో ఉన్న అమ్మకీ ఉన్నాయి కదా, ఆవిడకి ఏ బీచ్ రోడ్డు దొరుకుతుంది?

అసలు ప్రశ్న ఇక్కడుంది. బీచ్ పక్క పేటలకి ఇంత గిరాకీ ఎందుకు? సముద్రం ఒక కారణం. మిగతా ఊరంతా నడవడానికి పనికిరాకుండా పోవడం ఇంకో కారణం. మధురవాడలో ఆఫీసు నుంచి ఎదురుగా కనిపించే టీ కొట్టుకి వెళ్లాలంటే జాతీయ రహదారి దాటాలి. కొత్త లేఅవుట్లలో ఫుట్‌పాత్ అంటే ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన మూత లేని డ్రెయిను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో ఫుట్‌పాత్ మీద అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఉంది. మీ వీధిలో టేపు పెట్టి కొలవండి. 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ వాడుకునే హక్కు 21వ అధికరణం కిందకే వస్తుందని చెప్పింది. అంటే జీవించే హక్కులో భాగం. హక్కుగా అందరికీ దక్కాల్సింది కొన్ని పేటల్లోనే మిగిలింది కాబట్టి దానికి చదరపు అడుగు రేటు వచ్చింది. మనం ఆ రేటు కట్టి, కట్టగలిగినందుకు మురిసిపోతున్నాం.

ఇది చదివేవాళ్లలో సాహిత్య మిత్రులు ఎక్కువ కాబట్టి ఒక మాట. రావిశాస్త్రి కథల్లో విశాఖ మనకి ఇష్టం. ఆ సారా కథల మనుషులు, కోర్టుల చుట్టూ తిరిగే బీదా బిక్కీ, వాళ్ల భాష, అన్నీ ఇష్టం. సభల్లో వాళ్ల గురించి గంటలు మాట్లాడతాం. అదే భాష మాట్లాడే మనిషి మన గేటు పక్కన బండి పెట్టుకుంటే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి "యాక్షన్ తీసుకోండి" అంటాం. పుస్తకంలో ఉన్నంతవరకే పాత్రల్ని భరించగలిగే పాఠకుణ్ణి మంచి పాఠకుడు అనడం నాకు కష్టం.

కొన్నవాళ్లకి, కొనబోయేవాళ్లకి నేను చెప్పేది కొన్ని పనులు. నడక కోసమే కొన్నానంటే రెండో కారు మానుకో. అసోసియేషన్ మీటింగుకి వెళ్లి, బండి తీసేయమనే తీర్మానానికి చెయ్యెత్తకు. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి ఉంది. వార్డు జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకి చోటు చూపించాలనీ, సర్వే చేయకుండా వాళ్లని లేపేయకూడదనీ అందులో ఉంది. ఆ కాగితం ప్రింటు తీసి మీటింగులో పెట్టు. జాలరిపేట వాళ్లు పడవలు పెట్టుకునే ఇసక మీద ఏదైనా కొత్త "బ్యూటిఫికేషన్" వస్తోందంటే, వాళ్లనడిగారా అని మొదట నువ్వడుగు. పొద్దున బారికేడ్‌ని సాయంత్రం కూడా పెట్టమని అడుగు. ఆ తర్వాత గాజువాకకి, పెందుర్తికి, మధురవాడకి కూడా ఫుట్‌పాత్ అడుగు. నీ ఫ్లాట్ ధర దానివల్ల కొంచెం తగ్గొచ్చు. తగ్గనీ.

ఇవేవీ చేయకుండా, సముద్రానికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నానని ఊరికి ఉపకారం చేసినట్టు చెప్పుకుంటే మాత్రం ఒప్పుకోను. 1996లో బియాస్ నది ఒడ్డు కేసులో సుప్రీంకోర్టు, నదులూ సముద్రతీరాలూ జనం అందరివీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అంది. ప్రభుత్వమే ధర్మకర్త అయినప్పుడు ఎదురింట్లో ఉండేవాడు ఏమవుతాడు? పొరుగువాడు అవుతాడు, అంతకన్నా ఎక్కువేం కాదు. పొరుగువాడిగా ఉండటం నేర్చుకున్నాక ఎంచక్కా కొనుక్కోండి. గృహప్రవేశానికి పిలిస్తే నేనూ వస్తాను, నడిచే.