వికాస గ్రంథముల విలువ

వ్యక్తిత్వ వికాస గ్రంథములు నేడు తెలుగున విరివిగా వెలువడుచున్నవి. వానిలో పెక్కింటియందు విజయమునుగూర్చిన వాగ్దానమే కాని, విషయము కానరాదు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మార్గము వేఱు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను జీవితచరిత్రతో ఆరంభించి, ఆ మండలి చరిత్రమును, ప్రకృతి శాస్త్రములను తెలుగువారికి అందించినది. అందలి శాస్త్రవిషయములు కొన్ని పాతబడినవి. హేతువు చూపి బోధించు పద్ధతి మాత్రము పాతబడలేదు. పాఠకుని బుద్ధి వికసించునది అట్టి పద్ధతివలననే.

కావున ఏ గ్రంథమునైనను మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. ఇందలి విషయము విచారణకు నిలుచునా? రచయిత తన మతమునకు ప్రతికూలమైన సాక్ష్యమును దాచెనా? ఇది రెండవమారు చదువఁదగినదా? ఆంధ్రేతర ప్రాంతములందలి మన విద్యార్థులకు తెలుగు గ్రంథములు లభించుటయే అరుదు. వారి గ్రంథాలయములకు పుస్తకముల నెన్నుకొను ఆచార్యులు ముందుగా ఈ ప్రశ్నలు వేసికొనవలెను.