ఇంతకీ ఇంజినీరెవరు?

సంక్రాంతి సెలవులకి రేపల్లె వెళ్ళి ఓ పిచ్చి పని చేశాను. రెండు పాత సైకిళ్ళు కోయించి, వెనక్కి జారబడి కాళ్ళు ముందుకి చాపి తొక్కే సైకిలు ఒకటి అతికించాను. రికంబెంట్ అంటారు లెండి. ఫోటో ఆఫీసు గ్రూపులో పెట్టగానే ఒకాయన "ఎవడో వెల్డరు చేసినదానికి నువ్వు క్రెడిట్ కొట్టేస్తున్నావా?" అన్నాడు.

జోకే అనుకోండి. కానీ ఆ "ఎవడో" దగ్గరే నాకు మండింది.

చేసింది ఆయనే, నిజం. మా వీధి చివర గేట్లూ, గ్రిల్సూ చేసే షాపు. నేను ల్యాప్‌టాప్‌లో మిల్లీమీటర్ల కొలతలతో బొమ్మ గీసుకెళ్ళాను. బాబాయ్ ఒక్క చూపు చూసి, "దీనికి ఆర్కు కొడితే గొట్టం తట్టుకోదు అబ్బాయ్, ఇది కిటికీ గ్రిల్లు కాదు" అన్నాడు. నేను వినలా. తొందరగా అయిపోతుంది, కొట్టెయ్యమన్నాను.

రెండో రోజు పెనుమూడి రోడ్డు మీద ముందు గొట్టం చిట్లింది. అతుకు కాదు, అతుకు పక్కన! వేడికి లోహం గుణం మారేది అక్కడేనని నేను పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. ఆయన ఏ పరీక్షా రాయలేదు, ముందే చెప్పాడంతే. మళ్ళీ తీసుకెళ్తే లోపల ఇంకో గొట్టం ముక్క దోపి, గ్యాసుతో ఇత్తడి కరిగించి అతికాడు. ఇత్తడికి 900 డిగ్రీల పైచిలుకు చాలు, ఉక్కు కరగాలంటే దాదాపు 1500 కావాలి. మన పాత సైకిళ్ళ ఫ్రేములన్నీ ఈ పద్ధతిలో అతికినవే. ఇక చైను... మూడు చైన్లు కలిపితే గానీ సరిపోలేదు, అదీ వేలాడి ఫ్రేముకి రాసుకుంటోంది. పాత బేరింగు ఒకటి వెతికి గిలకలా బిగించాడు. నా బొమ్మలో ఆ గిలకే లేదు.

బీటెక్ ఫస్టియర్ వర్క్‌షాపు గుర్తుందా? ఫిట్టింగు జాబు సొంతంగా ఆకురాయితో అరగదీసినవాళ్ళు చేతులెత్తండి. నేనైతే సీనియర్ దగ్గర కొన్నా, పాత రోల్ నంబరు చెరిపి నాది కొట్టించా. ఆ డిగ్రీతోనే నేను ఇంజినీరు, ఆయన "ఎవడో".

1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే అంతంతమాత్రం రేసరు, షార్ల్ మోషే చేసిన ఇలాంటి సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్లు తొక్కి 1914 నాటి రికార్డు బద్దలు కొట్టాడు. అంతర్జాతీయ సైక్లింగు సంఘం వారు 1934లో నిర్వచనం మార్చి ఇది సైకిలే కాదు పొమ్మన్నారు. మనం చేస్తున్నదీ అదే కదా!

పక్కనే తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు గారు పాత ఇనుముతో మోదీ విగ్రహం చేస్తే 2021లో పేపర్లన్నీ రాశాయి. సంతోషం. అదే ఇనుమూ, అదే వెల్డింగూ గేటుకైతే మాత్రం కూలిపనా?

"మరి సాఫ్ట్‌వేరు ఇంజినీరింగు కాదా" అని కామెంటబోయేవాళ్ళకి: అవును, కాదనను. కాకపోతే మన తప్పుకి రోల్‌బ్యాక్ ఉంది. గొట్టం చిట్లితే మోకాలికి ఐదు కుట్లు, ఇదిగో ఇంకా మానలేదు.

మజూరీ ఎంతంటే మొత్తం కలిపి 1500 అన్నాడు. నన్ను క్లయింటుకి గంటకెంత చొప్పున బిల్లు చేస్తారో ఆయనకి చెప్పలేదు. సైకిలు మా వసారాలో ఉంది, వెనక బ్రేకు ఇంకా సరిగ్గా పట్టట్లేదు. ఉగాదికి వెళ్ళి చూపించాలి, ఈసారి ల్యాప్‌టాప్ లేకుండా.