కొబ్బరితోట అడవేనా? ఫారెస్ట్రీ చదవాలనుకునేవాళ్లకి

మా కోనసీమ మీదుగా ఉపగ్రహం వెళ్తే కింద దానికి కనిపించేది అడవే. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి లెక్క కడుతుంది కదా, అందులో 'అటవీ విస్తీర్ణం' అనే మాటకి అర్థం మనం అనుకునేది కాదు. కనీసం ఒక హెక్టారు నేల ఉండి, అందులో పదోవంతుకి తగ్గకుండా చెట్ల కొమ్మలు కమ్ముకుని ఉంటే చాలు. ఆ భూమి ఎవరిది, అక్కడున్నది టేకా, మామిడా, కొబ్బరా అనేది ఆ నిర్వచనానికి అనవసరం. అంటే అంబాజీపేటలో ఏ పెదనాన్నగారి కొబ్బరితోటో పైనుంచి అడవి పద్దులో పడిపోవచ్చు. ఈ ముక్క మా ఊళ్లో ఒకాయనకి చెబితే, "అయితే ఈసారి దింపు ఫారెస్టోళ్లు తీసుకుపోతారంటావా?" అని అడిగాడు. కంగారేం లేదండి, చట్టం లెక్క వేరు.

చట్టం లెక్కలో కోనసీమకి అడవంటే ప్రధానంగా మడ అడవే. ఐ.పోలవరం, కాట్రేనికోన మండలాల వైపు గోదావరి పాయలు సముద్రంలో కలిసేచోట ఉంటుంది. దానికి పైన, ఇప్పటి కాకినాడ జిల్లాలో, 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం ఉంది. 235 చదరపు కిలోమీటర్లు. అక్కడి చెక్కవంతెన మీద రీల్ తియ్యని గోదారి జిల్లా కుర్రకారు తక్కువ. ఆ వంతెన కింద బురదలో ఏం జరుగుతుందో చదివేవాళ్లు ఇంకా తక్కువ.

ఈ ఏడాది ఇంటర్ బైపీసీ అయిన మా పిన్ని కొడుకు ఆ తక్కువమందిలో చేరతానంటున్నాడు. "అన్నయ్యా, బీఎస్సీ ఫారెస్ట్రీ చదివితే ఫారెస్ట్ ఆఫీసర్ అయిపోతానా?" అన్నది వాడి ప్రశ్న. "బీట్ ఆఫీసర్‌కి ఇంటర్ చాలంట కదా, మరి నాలుగేళ్లు హాస్టల్ ఫీజు ఎందుకురా?" అన్నది మా బాబాయ్ ప్రశ్న. "కడియం నర్సరీలోళ్లు ఏ కాలేజీలో చదివారు?" అన్నది పిన్ని ప్రశ్న. నేను కోడ్ రాసుకునేవాణ్ని, చెట్ల సంగతి నాకేం తెలుసు? కానీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడే అన్నిటికీ నిపుణుడు కదా. వారం రోజులు ఆఫీసయ్యాక నోటిఫికేషన్లు చదువుతూ కూర్చున్నాను.

బాబాయ్ మాట నిజమే. 2025 జులైలో ఏపీపీఎస్సీ 691 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్లు 256, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్లు 435. అర్హత ఇంటర్. దానికి పైమెట్టు సెక్షన్ ఆఫీసర్, ఆ పైన రేంజ్ ఆఫీసర్. రేంజ్ ఆఫీసర్‌కి డిగ్రీ కావాలి. 2024లో ఆ పోస్టులు 37 వేశారు. అర్హత ఉన్న డిగ్రీల జాబితాలో ఫారెస్ట్రీ ఉంది. దానితోపాటు వ్యవసాయం, వృక్షశాస్త్రం, గణితం, మెకానికల్, సివిల్ ఉన్నాయి. చివరికి కంప్యూటర్ ఇంజినీరింగ్ కూడా ఉంది. అంటే నాలుగేళ్లు చెట్టుకొలతలు నేర్చుకున్న మా తమ్ముడూ, నాలుగేళ్లు జావా నేర్చుకున్న నేనూ ఒకే హాల్లో ఒకే పేపరు రాయొచ్చన్నమాట.

ఢిల్లీ స్థాయిలోనూ అంతే. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకి యూపీఎస్సీ ఈమధ్య ఏటా 150 దాకా పోస్టులు వేస్తోంది. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే. మెయిన్స్‌లో రెండు ఆప్షనల్స్ ఉంటాయి. ఫారెస్ట్రీని ఆప్షనల్‌గా తీసుకోవడానికి ఫారెస్ట్రీ డిగ్రీ అక్కర్లేదు. ఎంతోమంది ఇంజినీర్లు కోచింగ్ నోట్సుతో ఆ సబ్జెక్టు పట్టేసి రాస్తున్నారు.

కాబట్టి తమ్ముడికి మొదటి జవాబు: అవ్వవురా. ఎంబీబీఎస్ చదివితే డాక్టర్ అయినట్టు ఇక్కడ అవ్వదు. మన దేశంలో ఈ శాఖది మొదటినుంచీ వేరే పద్ధతి. ముందు మనిషిని ఎంచుకుని ఆ తర్వాత అడవి నేర్పించడం. డెహ్రాడూన్‌లో 1878లో ఫారెస్ట్ స్కూలు పెట్టింది శాఖకి కావలసిన మనుషుల్ని తయారుచేసుకోడానికే. ఇప్పటికీ ఐఎఫ్‌ఎస్‌కి ఎంపికైనవాళ్లు అక్కడి ఇందిరాగాంధీ నేషనల్ ఫారెస్ట్ అకాడమీకి వెళ్తారు. మన రాష్ట్ర సిబ్బందికి రాజమండ్రి పక్కన దివాన్‌చెరువులో అకాడమీ ఉంది. ఉద్యోగం వచ్చాక చదువు, చదువొచ్చాక ఉద్యోగం కాదు.

అయితే ఎక్కడ చదవాలి? ఇదింకో తలనొప్పి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి రంగా విశ్వవిద్యాలయం ఉంది, తోటలకి వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, పశువులకి తిరుపతిలో ఉంది. మా కొబ్బరికి అంబాజీపేటలో పరిశోధన స్థానం కూడా ఉంది. అడవికి మాత్రం అలాంటి విశ్వవిద్యాలయం లేదు. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది మన శేషాచలం చుట్టుపక్కలే, గోదావరి మొగలో మడ, మన్యంలో వెదురు... ఇన్ని పెట్టుకుని ఈ పరిస్థితి. తెలంగాణ 2016లో ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టింది. ములుగులో. (మేడారం ఉన్న ములుగు కాదండోయ్, సిద్దిపేట జిల్లా ములుగు. మా వాడు మ్యాప్‌లో మొదట మేడారం వైపే వెతికాడు.) అక్కడ చదివినవాళ్లకి అటవీశాఖ కొలువుల్లో కొంత వాటా ఇవ్వాలని కూడా ఆ ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. కాలేజీ పెట్టి చదివినవాణ్ని గాలికొదిలెయ్యకుండా ఉద్యోగానికి ముడిపెట్టడం తెలివైన పని. కానీ మా వాడు గోదావరికి ఇవతలి రాష్ట్రంవాడు. వాడికున్న దారి ఐకార్ కోటా. సీయూఈటీ రాసి తమిళనాడు మెట్టుపాళయమో, కర్ణాటక సిర్సీయో, కేరళ వెళ్లానిక్కరో వెళ్లాలి. బాబాయ్ హాస్టల్ ఫీజు లెక్క ఇక్కడే మొదలవుతుంది. భోజనం లెక్క పిన్నిది: "కేరళలో ఆ లావు బియ్యం తింటాడా వీడు?"

ఇంతా చేసి అక్కడ ఏం నేర్పుతారు? నాకు అసలు ఆసక్తి పుట్టింది ఈ సిలబస్ చూశాకే.

చెట్టు చుట్టుకొలత తియ్యాలంటే మన దేశంలో నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టాలి. మనిషి ఛాతీ ఎత్తు. దీనికో కోర్సెందుకు అనిపిస్తుంది. సరే, మడలో ఉప్పుపొన్న చెట్టు దగ్గరికి వెళ్లండి. దాని వేళ్లు సాలెపురుగు కాళ్లలా కాండం మధ్యనుంచే కిందికి దిగి ఉంటాయి. 1.37 ఎక్కడినుంచి కొలుస్తారు? అన్నిటికంటే పైనున్న వేరు దాటాక కొలవాలి. పక్కనే తిల్ల చెట్టుంటుంది, దాని పాలు కంట్లో పడితే ఏమవుతుందో వేటకెళ్లే మత్స్యకారులకి ఏ ప్రొఫెసరూ చెప్పక్కర్లేదు. ఇలా రూల్ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచెయ్యదో నేర్పడమే ఈ చదువనిపించింది.

ఇంకా మంచి ఉదాహరణ ఉంది. మడ అడవి పోయినచోట ఏం చేస్తారని అడిగితే మనందరం ఠక్కున చెప్పేది 'మొక్కలు నాటుతాం' అని. ఫోటో దిగి వచ్చేస్తాం, అవి చచ్చిపోతాయి. చెట్లు కొట్టేశాక అక్కడి నేల ఎండి, కుంగి, పళ్లెంలా తయారవుతుంది. పోటుకి వచ్చిన ఉప్పునీరు పాటుకి వెనక్కి పోదు. ఎండకి నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ప్రతి పోటుకీ ఇంకొంచెం ఉప్పు. మడ మొక్క ఉప్పుని ఓర్చుకుంటుంది కానీ దానికీ హద్దుంటుంది. 1990ల చివర్లో ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, మడ పక్క గ్రామాలవాళ్లు కలిసి గోదావరి, కృష్ణా మొగల్లో పని మొదలుపెట్టినప్పుడు మొదట తవ్వింది కాలవలు. మధ్యలో పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలవలు, పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటునీరు లోపలికి రావాలి, పాటుకి తిరిగి పోవాలి. ఉప్పు కడిగేశాక మొక్క. నీరు సరిగ్గా ఆడితే కొన్నిచోట్ల విత్తనాలు వాటంతటవే కొట్టుకొచ్చి మొలుస్తాయి కూడా.

పిన్ని ప్రశ్నకి నా జవాబు ఇదే. కడియం నర్సరీవాళ్ల చేతిలో ఉన్నది తక్కువ విద్య కాదు, మొక్కని బతికించడంలో వాళ్లకి సాటి లేదు. ఫారెస్టర్ అడగాల్సింది ఇంకో ప్రశ్న: ఇక్కడ మొక్క ఎందుకు లేదు? మా భాషలో చెప్పాలంటే బగ్ ఎక్కడో తెలీకుండా సర్వర్ రీస్టార్ట్ చేస్తుంటే లాభం లేదు.

మా ప్రాంతానికి ఇది ఊసుపోక చెప్పుకునే విషయం కాదు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను నేను పుట్టకముందు వచ్చింది. అయినా మా ఇళ్లలో వయసు లెక్కలు ఇప్పటికీ 'తుఫానుకి ముందా, తర్వాతా' అనే నడుస్తాయి. పడిపోయిన కొబ్బరిచెట్ల గురించి, కొట్టుకుపోయిన పడవల గురించి వింటూ పెరిగాం. సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఒత్తుగా ఉంటే అలల దెబ్బ, గాలి దెబ్బ తగ్గుతుందన్నది శాస్త్రవేత్తలే కాదు, ఆ ఒడ్డున ఉండేవాళ్లూ చెప్పే మాట. అలాంటి చోట రేంజ్ ఆఫీసర్‌గా వచ్చేవాడికి పోటూ పాటూ ముందే తెలిసి ఉండాలా, పోస్టింగ్ వచ్చాక నేర్చుకోవాలా? కంప్యూటర్ ఇంజినీరుకి అర్హత ఉండొద్దని నేననను, అది నా కడుపు మీద నేనే కొట్టుకోవడం. కానీ ఫారెస్ట్రీ చదివినవాడికి తెలంగాణ ఇచ్చినట్టు కొంత వాటా మన రాష్ట్రమూ ఇస్తే ఎవరికి నష్టం? దివాన్‌చెరువులో అకాడమీ ఉంది, గంటన్నర రెండు గంటల దూరంలో కోరింగ ఉంది. డిగ్రీ కాలేజీకి ఇంతకంటే మంచి ల్యాబ్ ఎక్కడ దొరుకుతుంది?

సర్కారు కొలువు ఒక్కటే దారి కాదనుకోండి. గోదావరి జిల్లాల్లో సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వేసే రైతులకి మొక్కలు, సలహాలు ఇవ్వడానికి పేపరు మిల్లులకి మనుషులు కావాలి. రాజమండ్రిలో ఒక మిల్లుంది, సారపాకలో ఐటీసీది ఉంది. హైదరాబాద్ దూలపల్లిలో కేంద్రం నడిపే అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. భోపాల్‌లో 1982 నుంచి నడుస్తున్న ఐఐఎఫ్‌ఎం మేనేజ్‌మెంట్ కోర్సు ఉంది. కార్బన్ లెక్కలు కట్టే కంపెనీలు మా ఐటీవాళ్లనీ తీసుకుంటున్నాయి. ఉపగ్రహ చిత్రం చూసి ఇది మడ, ఇది కొబ్బరి, ఇది ఆయిల్‌పామ్ అని మోడల్‌కి నేర్పడం మాలాంటివాళ్లకి వచ్చు. కానీ అది సరిగ్గా చెప్పిందో లేదో బురదలో దిగి చూసొచ్చేవాడు ఒకడు కావాలి. వాడు లేకపోతే మోడల్ ఎంత ధీమాగా చెప్పినా అది ఊహే.

బాబాయ్‌కి ఇవన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "జీతం ఎంతొస్తుందో చెప్పలేదేంట్రా" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. పేపరుమిల్లు మొదటి జీతం నా మొదటి జీతంలా ఉండకపోవచ్చు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఎదురుచూస్తూ ముప్పై దాటించినవాళ్లని మేమూ చూశాం. రెండెకరాల కొబ్బరి మీద బతికే ఇంటికి అదంతా పెద్ద రిస్కే. చివరికి ఇంట్లో ఒప్పందం కుదిరింది. సీయూఈటీ రాస్తాడు. కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్ అగ్రికల్చర్, అది బాబాయ్ కోసం. రెండోది ఫారెస్ట్రీ. వాడు మాత్రం ఆ రెంటినీ తిరగేసి పెట్టేలాగే ఉన్నాడు. నేను చూడనట్టు ఉంటాను.

ఈలోగా వాడికి ఇంకో పని చెప్పాను. ఐఎఫ్‌ఎస్‌కి ఎంపిక కావాలంటే మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడవాలి. మావాళ్లకి అర్థమయ్యే లెక్కలో అమలాపురంలో బయల్దేరితే ఇంచుమించు తాటిపాక దాకా. మొన్న ఆదివారం తెల్లారి అయిదింటికి బయల్దేరాడట. అంబాజీపేట దాటాక ఫోన్ చేసి, "అన్నయ్యా, టీ తాగితే టైమ్ ఆగుతుందా?" అని అడిగాడు.