వలస గొంతుల సంచిక

1963లో లింటన్ క్వెసీ జాన్సన్ చిన్నపిల్లాడిగా జమైకా నుంచి లండన్ చేరారు. బ్రిక్స్‌టన్‌లో పెరిగి, తనవాళ్ల మాటనే కవిత్వం చేసి, రెగే దరువు మీద జనానికి వినిపించారు. సరిగ్గా అదే ఏడాది పాలమూరు జిల్లా గౌరారంలో గోరటి వెంకన్న పుట్టారు.

వెంకన్న సముద్రాలు దాటి వలసపోలేదు. అయినా ఆయన పాట నిండా వలసే. తండ్రి యక్షగాన కళాకారుడు కావడంతో రాగం ఇంట్లోనే అబ్బింది. సహకార శాఖలో ఉద్యోగం చేస్తూనే ఊరూరా తిరిగి పాడారు. చెరువులు ఎండి, కులవృత్తులు కూలి, మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని కుటుంబాలు ఎక్కడెక్కడి ఆనకట్టల పనులకో తరలిపోయిన జిల్లా పాలమూరు. ఆ దుఃఖానికి ప్రపంచీకరణే కారణమని పామరుడికీ అర్థమయ్యేలా పాడిన కవి వెంకన్న. 2002లో ‘కుబుసం’ సినిమాతో ఆ పాట ఇంటింటికీ చేరింది. జాన్సన్ కవితలు పెంగ్విన్ మోడరన్ క్లాసిక్స్‌లోకి వెళ్లిందీ ఆ సంవత్సరమే.

జనం బాధను పాటగా కట్టే ఈ వారసత్వం నల్లగొండకూ ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథల బాణీల్లో దొరల దాష్టీకాన్ని ఎండగట్టారు.

‘వల్లంకి తాళం’ సంపుటికి వెంకన్న 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. పాటను కవిత్వంగా ఒప్పుకోవడానికి మన సాహిత్య లోకం ఆలస్యం చేసిందనే మా అభిప్రాయం.

ముంబయి, దుబాయి, భీవండి, ఎక్కడున్నా సరే, మీ ఊరివాళ్లు పనిచోట కట్టి పాడుకునే పాటలు ఉంటే రాసి పంపండి. వచ్చే సంచికల్లో వాటికి చోటిస్తాం.