చత్వారానికి చెక్ పెట్టే లెన్స్ వచ్చేసిందా? శుక్లాల ఆపరేషన్‌కు ముందు తెలుసుకోవాల్సింది ఇదే..

వాట్సాప్ మెసేజ్ చదవాలంటే ఫోన్‌ను చెయ్యి చాచి దూరంగా పట్టుకోవాల్సి వస్తోందా? అదే చత్వారం. నలభై దాటాక దాదాపు ఎవరికీ తప్పదు. కళ్లజోడుతో పనిలేకుండా, సహజ లెన్స్‌లా ఫోకస్ మార్చుకునే కృత్రిమ లెన్స్ కోసం దశాబ్దాలుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. మరి అది ఎక్కడిదాకా వచ్చింది?

అసలు సమస్య ఇదీ..

కంటిలోని లెన్స్ చిన్న వయసులో మెత్తగా ఉంటుంది. దగ్గరివి చూసేటప్పుడు చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని, లెన్స్ ఉబ్బి ఫోకస్ మారుతుంది. వయసు పెరిగేకొద్దీ లెన్స్ గట్టిపడుతుంది. కండరం పనిచేస్తూనే ఉంటుంది.. లెన్సే మాట వినదు. అదే లెన్స్ మసకబారితే శుక్లం.

శుక్లం తీసి కృత్రిమ లెన్స్ పెట్టడం 1949లో లండన్‌లో డాక్టర్ హెరాల్డ్ రిడ్లీతో మొదలైంది. ఇప్పటికీ ఎక్కువమందికి పెడుతున్నది ఒకే దూరానికి ఫోకస్ ఉండే మోనోఫోకల్ లెన్సే. సాధారణంగా దూరం చూపుకు సరిపోయేలా పెడతారు కాబట్టి చదవడానికి మళ్లీ అద్దాలు కావాల్సిందే.

మల్టీఫోకల్ వేరు.. ఇది వేరు

'ఇక అద్దాలు అక్కర్లేదు' అని చెప్పే మల్టీఫోకల్ లెన్సులు నిజానికి ఫోకస్ మార్చుకోవు. కంట్లోకి వచ్చే వెలుగునే దగ్గరికి, దూరానికి పంచుతాయి. అందుకే కొందరికి రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. చీకట్లో లారీ, క్యాబ్ నడిపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కండరంతో పాటు కదిలే లెన్స్ కూడా వచ్చింది. 2003లో అమెరికా ఎఫ్‌డీఏ క్రిస్టాలెన్స్‌కు అనుమతి ఇచ్చింది. కానీ ఫోకస్‌లో వచ్చే మార్పు తక్కువే కావడంతో చాలామందికి చిన్న అక్షరాలు చదవడానికి అద్దాలు తప్పలేదు. తర్వాత లోపల ద్రవం నింపి, ఆకారమే మార్చుకునే లెన్సుల వైపు పరిశోధన మళ్లింది. అలాంటి లెన్స్ తయారుచేస్తున్న పవర్‌విజన్‌ను 2019లో ఆల్కాన్ కొనేసింది. ఈ తరహా లెన్సులు మనుషులపై ట్రయల్స్ దాకా వచ్చాయి.

పెద్ద చిక్కు ఒకటుంది. లెన్స్‌ను పెట్టే పలుచని సంచి ఆపరేషన్ తర్వాత ముడుచుకుని గట్టిపడుతుంది. దీంతో మొదట్లో కదిలిన లెన్స్ కూడా తర్వాత కదలకపోవచ్చు.

దగ్గరి చూపు అంటే కూలి డబ్బే

అస్సాం టీ తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూశారు. అద్దాలు ఇవ్వనివాళ్లతో పోలిస్తే వాళ్ల పని దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అదే ఏడాది తెలంగాణలో మొదలైన కంటి వెలుగులోనూ ఈ అద్దాలు పంచారు. అంటే కొత్త లెన్స్ వచ్చేదాకా చవకైన కళ్లజోడే అసలైన మందు.

మరి ఇప్పుడేం చేయాలి?

శుక్లం ముదిరి చూపు అడ్డుతుంటే కొత్త లెన్స్ కోసం ఆగడం మంచిది కాదు. బాగా ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది. ఒకసారి పెట్టిన లెన్స్‌ను మార్చడమూ తేలిక కాదు. అందుకే ప్యాకేజీ రేటు కంటే ముందు డాక్టర్‌కు మీ పనేంటో, రాత్రిళ్లు బండి నడుపుతారో లేదో చెప్పండి. 'ఈ లెన్స్ ఫోకస్ మారుస్తుందా, వెలుగును పంచుతుందా?' అని ఒక్క మాట అడగండి.