దస్తావేజులకు ఛాయాప్రతులు
1977 నవంబరు 19వ తేదీనాటి తుపాను దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల తీరగ్రామములను సైతము మిక్కిలి బాధించినది. అట్టి నీటికి ఇల్లు నిలిచినను పెట్టెలోని కాగితము నిలువదు. తెనాలివంటి ఊళ్లకు ఉప్పెన రాకున్నను చెదలును వానకాలపు చెమ్మయు చాలును.

పొలము దస్తావేజులు, పాసుపుస్తకము, బిడ్డల జననపత్రములు మొదలగువానికి స్మార్టుఫోనుతోనే ప్రతులు తీయవచ్చును. కాగితమును ముదురురంగు గుడ్డపై పరచి, పగటివెలుగున, నీడపడకుండ ఫోనును తిన్నగా పట్టవలెను. స్కానుచేయు యాపు అంచులను గుర్తించి, వంకర సరిచేసి, పుటలన్నిటిని ఒక్క పీడీఎఫ్‌గా కూర్చును. రిజిస్ట్రారు ముద్రలుండు వెనుకవైపును విడువరాదు. పిమ్మట పెద్దదిగా జేసి సర్వేనంబరులోని ప్రతి యంకెయు చదివి చూడవలెను. ఫోను పోయిన ప్రతియు పోవును గాన, మరియొకచోటను దాచుట మేలు. ఊరుపేరు తెలియని యాపులకు ఇట్టి పత్రముల నప్పగింపరాదు.

ప్రతి అసలునకు సాటిరాదు, అసలును భద్రపరుపవలసినదే. కాని యది నశించినచో రిజిస్ట్రారు కచేరిలో నకలు కోరుటకు దస్తావేజు సంఖ్యయు సంవత్సరమును కావలయును. అవి యీ ప్రతిలో నుండును.

కాగితముల సంగతి పురుషులదేయని మన మూరకుండరాదని మేము తలంతుము. ఆపత్కాలమున వానిని వెదకవలసిన భారము తరచుగా స్త్రీపైననే పడుచున్నది.