జెనీవా దాకా పోవాల్సింది మన ఆడబిడ్డలే



పిల్లల హక్కులు, మహిళల హక్కుల మీద విదేశాల్లో ఇంటర్న్‌షిప్ అంటే మనోళ్లే చాలామంది "అదంతా డబ్బున్నోళ్ల వ్యవహారం, మనకెందుకు" అంటా ఉంటారు. మేం ఒప్పుకోం. ఆ హక్కులు దక్కంది ఎవరికో ముందు చూద్దాం.

2025 మేలో మన తిరుపతి జిల్లాలో బయటపడిన ఘోరం గుర్తుందా? ఒక యానాది కుటుంబం బాతులు మేపే యజమాని దగ్గర 25 వేలు అప్పు చేసింది. ఆ అప్పు కింద తొమ్మిదేళ్ల పిల్లోడ్ని పనికి పెట్టుకున్నారు. తల్లి డబ్బు సర్దుకొని బిడ్డను అడిగితే, చివరికి కాంచీపురంలో పూడ్చిపెట్టిన శవం దొరికింది. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976 నాటిది. వెట్టి అప్పు తీర్చాల్సిన పనే లేదని ఆ చట్టమే చెప్తోంది.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది, మన దేశం 1992లో ఒప్పుకుంది. పుట్టిన ప్రతి బిడ్డనూ నమోదు చేయాలని అందులో 7వ అధికరణం చెప్తుంది. మన కాలనీల్లో బర్త్ సర్టిఫికెట్, ఆధార్ లేని పిల్లలు ఇంకా ఉన్నారు. ఆ కాగితాలు లేకపోతే కులం సర్టిఫికెట్‌కే తిప్పలు, ఇంక పాస్‌పోర్ట్ మాటెక్కడ?

"పని ఇక్కడుంటే అక్కడికి పోవడం ఎందుకు?" అని అడగొచ్చు. ఒడంబడిక ఎట్లా అమలవుతోందో ప్రతి దేశం జెనీవాలోని కమిటీకి రిపోర్టు ఇవ్వాలి. ప్రభుత్వం చెప్పంది సంఘాలు వేరే రిపోర్టుగా పంపొచ్చు. అందులో మన కాలనీ మాట ఉండాలంటే, ఆ పని తెలిసినోళ్లు మనలో ఉండాలి.

అడ్డం పడేది ఖర్చు. ఐక్యరాజ్యసమితి సచివాలయం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వదు. 2015లో ఒక ఇంటర్న్ జెనీవాలో గుడారం వేసుకొని ఉన్నాడని ప్రపంచమంతా చదివింది. కేంద్ర గిరిజన శాఖ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏటా 20 మందికే. అదీ మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి, ఆపై పరిశోధనకు. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో చదివే మన చెల్లెలికి మూడు నెలల ఇంటర్న్‌షిప్ వస్తే టికెట్ ఎవరు కొంటారు? వడ్డీకి తెచ్చి పంపితే, ఏ అప్పు మీద పోరాడాలని పోతోందో ఆ అప్పులోనే పడుతుంది.

అందుకే మేం అడిగేది ఇదీ. గిరిజన సంక్షేమ శాఖ స్వల్పకాల ఇంటర్న్‌షిప్‌లకు టికెట్, వీసా, బస ఖర్చులు ఇవ్వాలి. నెల్లూరు యానాది ఐటీడీఏ కాలనీలకే వచ్చి కాగితాలు చేసివ్వాలి. మనవైపు నుంచి, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 1997 నుంచి ఆదివాసీలకు ఖర్చులు పెట్టి నడుపుతున్న ఫెలోషిప్‌కు అప్లై చేద్దాం.

ఎవరికైనా అవకాశం వస్తే ఫ్లెక్సీ కట్టి, దండేసి ఊరుకోవద్దు. ఫ్లెక్సీ డబ్బులు టికెట్‌కు వేద్దాం. తిరిగొచ్చిన చెల్లెలు మొదట మన కాలనీలో కూర్చొని, అక్కడ నేర్చుకున్నది మన మాటల్లో చెప్పాలి. అదే ఆమె మనకు కట్టాల్సిన బాకీ.